చోకు తీగ

ఎద్దులు మోటారును లాగుతుంటే చూడ్డానికి నల్లగండ్ల నుంచి శేరిలింగంపల్లి దాకా దారి పొడవునా జనం నిలబడ్డారు. నిలబడి ఊరుకున్నారా అంటే, అదీ లేదు. "బాలనర్సయ్యా, పెట్రోలుకు బదులు జొన్నచొప్ప పెడుతున్నవా?" అని ఒకడు, "హారన్ కొట్టు, ఎద్దులు తొవ్వ ఇస్తయి" అని ఇంకొకడు. బాలనర్సయ్య స్టీరింగు పట్టుకుని తల తిప్పకుండా కూర్చున్నాడు. పక్కసీట్లో అతని భార్య సక్కుబాయి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి మొహం మాడిపోయినంత మాత్రాన ఎద్దులు మోటారును లాగడం నవ్వు రాని సంగతి అయిపోతుందా?

ఆ మోటారు మొన్నటిదాకా జాగీర్దారుది. ఆ ఏడాదే జాగీర్లు పోయాయి. ఆయన మకాం పట్నానికి మారుస్తూ, ఊరికే ఇస్తానన్నా ఎవరూ తీసుకోని ఆ పాత బండిని ఇన్నాళ్లూ నడిపిన డ్రైవరుకే వదిలేసి పోయాడు. ఆ డ్రైవరే బాలనర్సయ్య. వడ్లవాళ్ల ఇంట్లో పుట్టి, ఉలి పట్టాల్సిన చేత్తో చిన్నప్పుడే స్టీరింగు పట్టినవాడు. బండి చేతికి రాగానే ఊళ్లోవాళ్లను పొద్దుటి రైలుకు స్టేషన్లో దింపే పని మొదలుపెట్టాడు.

అయితే ఆ బండి ఒక్క మనిషికి లొంగే రకం కాదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ముందు నిలబడి హ్యాండిల్ వేసి తిప్పితేనే ఇంజను లేస్తుంది. లేవాలంటే ఆ చలిపొద్దున దానికి పెట్రోలు కాస్త ఎక్కువా, గాలి కాస్త తక్కువా అందాలి. గాలిని అలా ఆపే రేకే చోకు. లోపల కూర్చుని తీగ లాగితే ఆ రేకు మూసుకుంటుంది. ఇంజను లేచీ లేవగానే తీగను మెల్లగా లోపలికి నెట్టాలి, లేదంటే ఎక్కిళ్లు పెట్టి ఆగిపోతుంది. హ్యాండిల్ తిప్పినవాడు పరుగెత్తుకొచ్చి తీగ నెట్టేలోపు దాని పని అయిపోతుంది.

మొదట్లో బాలనర్సయ్య ఇరుగుపొరుగును బతిమాలుకున్నాడు. తెల్లవారక ముందే నిద్ర చెడగొట్టుకుని మోటారులో కూర్చునే పుణ్యాత్ములు ఎన్నాళ్లు దొరుకుతారు? ఒకరోజు ఎవరూ రాలేదు. రైలుకు వేళవుతోంది. "ఏంది, తీగ లాగుడే గదా, నేను లాగుత" అంటూ సక్కుబాయి ఎక్కి కూర్చుంది. అప్పటి నుంచి ఆ సీటు ఆమెదే.

ఆ సీటు ఆమెకు ఏమిటో బాలనర్సయ్యకు తెలియదు. చెబితే గదా తెలిసేది! అప్పటిదాకా ఆమె లోకమంతా పొయ్యి, బావి, పొలం. ఇప్పుడు రోజూ స్టేషనుకు వెళ్తోంది. పొగలు కక్కుతూ వచ్చే రైలును కళ్లారా చూస్తోంది. ముందు సీట్లో ఆడమనిషి ఉందన్న ధైర్యంతో ఆడవాళ్లు బండెక్కుతున్నారు. ఏళ్లతరబడి కడుపునొప్పి దిగమింగుకుంటూ వచ్చిన భాగ్యమ్మ "సక్కు ఉన్నది గద, నేను గూడ వస్త" అని బయలుదేరి పట్నంలో దవాఖానకు వెళ్లొచ్చింది. అన్నిటికన్నా, తీగ పట్టుకున్న చేతికింద ఇంజను గుర్రుమని లేచే ఆ క్షణం. అది సక్కుబాయికి ప్రాణం.

అంతా బాగానే ఉండేది, ఎడ్లబండి రామచంద్రం నోరు ఊరుకుంటే. ఒకనాడు స్టేషను ముందర అందరూ వింటుండగా, "నా బండికి రెండెద్దులు గావాలె. నీ మోటారుకు ఒక్క పెండ్లం సరిపోయిందిరా!" అన్నాడు. అందరితో పాటు బాలనర్సయ్యా నవ్వాడు. నవ్వాడే గాని ఇంటికొచ్చి అన్నం సరిగా తినలేదు. ఆ రోజు నుంచి అతనిది ఒకటే పాట. "మంచి సామాను దొరకనియ్యి సక్కూ, నీకు ఈ సలిల లేచే బాధ తప్పిస్త." ప్రేమగానే అనేవాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు, ఇంత ప్రేమగా చెబుతుంటే ఏమని ఎదురాడాలో ఆమెకు తోచేది కాదు.

ఇంతలో కార్బురేటర్ పగిలింది. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది అదే. అది పోతే మోటారు ఉట్టి ఇనుము. బాలానగర్ దారిలో పోచయ్య షెడ్డు దాకా దాన్ని లాగడానికి ఊళ్లో గట్టి ఎద్దులు ఎవరివయ్యా అంటే, రామచంద్రానివి. ఇంకేం, అతను దారి పొడవునా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు.

పోచయ్య మిలిటరీ లారీలకు మరమ్మతు చేసి చేసి, యుద్ధం అయిపోయాక పాత సామాన్లు పోగేసుకుని సొంతంగా షెడ్డు వేసుకున్న పెద్దమనిషి. పగిలిన కార్బురేటర్‌ను తిప్పి చూసి పక్కన పడేశాడు.

"మాటేసి అతికితె నిలువది. మార్చుడే" అంటూ గోనెసంచి పరిచి దానిమీద రెండు కార్బురేటర్లు పెట్టాడు. "ఇది మన పాతదాని లెక్కనే, తీగ లాగుడు, తీగ నూకుడు. ఇగ ఇది చూడు, అమెరికా పెద్దబండిది. తీగనే లేదు."

"తీగ లేకుంటె చోకు ఎట్ల?" అన్నాడు బాలనర్సయ్య.

"లోపల చుట్టుకున్న రేకుంటది. సలికి బిగుసుకుంటది, ఇంజను వేడెక్కితె ఇచ్చుకుంటది. చోకు దానంతటదే మూసుకుంటది, దానంతటదే తెరుసుకుంటది. నువ్వు హ్యాండిల్ తిప్పు, గంతే."

"ఒక్కడినే?"

"ఒక్కడివే."

బాలనర్సయ్య మొహం విప్పారింది. ఆ కార్బురేటర్‌ను ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. "చూసినవా సక్కూ! ఇగ నీ పరేషాన్ తీరింది. రేపటి సంది ఇంటికాడ నిమ్మలంగ పండుకో."

సక్కుబాయి మొహం కనబడకుండా వంగి ఆ కొత్త సామానును చూస్తున్నట్టు నటించింది. పోచయ్య దాని మూత తీసి లోపలి భాగాలు చూపిస్తున్నాడు. గిన్నెలాంటి భాగంలో ఒక బెండు ఉంది. పెట్రోలు మీద తేలుతూ, నిండగానే పైకి లేచి ధార ఆపడం దాని పని. ఆ బెండు తేనెరంగులో నిగనిగలాడుతోంది.

ఆ నిగనిగ ఆమెకు కొత్తది కాదు. పుట్టింట్లో తండ్రి చేసిన ప్రతి దర్వాజా మీదా అదే మెరుపు.

"కాకా, దీనికి ఏం పూసిన్రు?"

"చప్డా బిడ్డా. లక్క. బెండు పెట్రోలు పీల్చకుండ పూస్తరు."

సక్కుబాయి బెండును తాకబోయి ఆగింది. చప్డా పెంకుల్ని తండ్రి ఎందులో కరిగించేవాడు? స్పిరిట్లో. మరి తమ బండి తాగే పెట్రోలు ఎలాంటిది? యుద్ధం నాటి నుంచి ఇక్కడి పెట్రోల్లో ఇప్పపువ్వు స్పిరిట్ కలుపుతూ వచ్చారు. టాంకు మూత తీస్తే ఇప్పసారా వాసన గుప్పుమంటుంది. ఆ బెండును అందులో వేస్తే పూత కరిగిపోవడం ఖాయం.

నోటిదాకా వచ్చిన మాటను మింగింది. ఇప్పుడు ఈ మాట చెబితే ఎవరైనా ఏమనుకుంటారు? సీటు పోతుందన్న బాధతో కొత్తదానికి వంకపెడుతోంది అనుకోరూ? నిజానికి వంక దొరికినందుకు లోపలెక్కడో సంతోషం కూడా కలిగింది, అది తనకే సిగ్గనిపించింది. పోనీ ఊరుకుందామంటే, నడిదారిలో బండి ఆగిపోయి, మొగుడు మళ్లీ ఈ ఎద్దుల వెనకాలే తల దించుకుని కూర్చోవడం కళ్లకు కట్టింది.

"బావా, అది వద్దు. మన పెట్రోల్ల స్పిరిట్ ఉంటది. ఆ లక్క కరుగుతది."

బాలనర్సయ్య ఆమె వైపు అదోలా చూశాడు. "నీకు తీగ లాగుడు ఇడిసి పెట్టబుద్ధి అయితలేదా ఏంది?"

బండి నొగ మీద కూర్చున్న రామచంద్రం కిసుక్కున నవ్వాడు.

"అది గూడ ఉన్నది" అంది సక్కుబాయి. "అయినా లక్క కరుగుడు కరుగుడే. ఉత్త మాట అనుకుంటె చెంబుల ఏసి చూడున్రి."

పోచయ్య నోట్లోని బీడీని ఆర్పి దూరంగా గూట్లో పెట్టి వచ్చాడు. బెండు ఊడదీశాడు, మోటారు టాంకులోంచి చెంబెడు పెట్రోలు దింపి అందులో ముంచి, అది పైకి రాకుండా పైన బరువు పెట్టాడు. అందరూ అవతల కూర్చుని చాయ్ తాగారు. చాయ్ అయిపోయాక బాలనర్సయ్యే లేచి వెళ్లి బెండును బయటికి తీశాడు. వేళ్లకు బంకలా అంటుకుంది. వేళ్లు విడదీస్తుంటే తేనెరంగు పోగులు సాగాయి.

"అరే!" అన్నాడు పోచయ్య. "ఇది మునిగితె పెట్రోలు ఆగకుండ పొంగుతుండె. మంచిగ చెప్పినవు బిడ్డా." అంటూనే లోపలికి వెళ్లి ఒక పాత డబ్బా గలగలలాడించి, ఇత్తడితో చేసిన గుల్ల గుండొకటి పట్టుకొచ్చాడు. బెండు ఉన్నచోట అమర్చాడు. సరిగ్గా కూర్చుంది. "ఇత్తడిని స్పిరిట్ ఏం జేస్తది? చోకు రేకును జర మన సలికి తగ్గట్టు తిప్పుత. ఇగ బేఫికర్."

సక్కుబాయి ఆ ఇత్తడి గుండు వైపు చూస్తూ ఉండిపోయింది. నిజం చెప్పింది, నిజం గెలిచింది, ఆ గెలిచిన నిజమే తన సీటును లాగేసుకుంది. ఇక చూపడానికి వంక కూడా మిగల్లేదు.

బాలనర్సయ్య మాత్రం పట్టరాని సంతోషంతో కార్బురేటర్‌ను మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. "నువ్వు లేకుంటె ఆగమవుతుంటిమి సక్కూ! ఇగ రేపటి సంది నువ్వు..."

"బావా, నాకు సలి బాధ కాదు."

బాలనర్సయ్య ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు నా మంచికే అంటున్నవని నాకెర్కే. అందుకే ఇన్నొద్దులు ఏమనలేదు. నాకు సలి బాధ కాదు, లేచుడు బాధ కాదు. నాకు రావాలెనని ఉన్నది. నేను ముందట కూసుంటె భాగ్యమ్మ దవాఖానకు పోయొచ్చింది. ఇంజను లేస్తె నా చేతులనే లేసినట్టుంటది నాకు. ఆ తీగ లేకుంటె నన్ను రమ్మనేది ఎవరు? నువ్వు గూడ రమ్మనవు." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "ఇంట్ల కూసుండబుద్ధి అయితలేదు బావా. గంతే."

రామచంద్రానికి ఎద్దుల మెడ కింద ఏదో పని గుర్తొచ్చి అటు తిరిగాడు.

బాలనర్సయ్య ఒళ్లో కార్బురేటర్‌ను అటూ ఇటూ తిప్పాడు. ఆమె నిద్ర గురించి ఆలోచించాడు, నలుగురిలో తన పరువు గురించి ఆలోచించాడు. ఆమెకు ఏం కావాలో అడగాలని మాత్రం తోచనే లేదు. ఆ సంగతి ఇప్పుడు అతని మొహంలోనే కనబడుతోంది.

"నవ్వుతరు గదనే" అన్నాడు చివరికి, చిన్నగా.

"నవ్వనియ్యి. పొద్దుగాల ఎద్దులు మనల లాగుతుంటె నాకు గూడ నవ్వొచ్చింది. ఏం పోయింది?"

అతను మొహం గంభీరంగా పెట్టుకోవాలని చూశాడు. పెదవి ఒప్పుకోలేదు. పక్కున నవ్వేశాడు. ఆ నవ్వుతోనే ఒళ్లోని కొత్త కార్బురేటర్‌ను తీసి గోనెసంచి మీద పెట్టేశాడు.

"కాకా, ఆ లాగుడుదే బిగియ్యి."

"మంచిగ సోంచాయించుకో. గిసొంటిది మళ్ల దొరకది."

"సోంచాయించిన."

పోచయ్య భుజాలెగరేసి పాత రకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దాని లోపల ముందునుంచే ఇత్తడి గుండు ఉంది. బిగించి, కొత్త తీగను లోపలికి తెచ్చి, బోల్టు పట్టుకుని ఆగాడు. "తీగ ఎటు తియ్యాలె? స్టీరింగు పక్కన పెడితె నీ చేతికే అందుతది."

బాలనర్సయ్య మోటారులోకి వంగి, తన సీట్లో కూర్చుని చేయి చాపి చూశాడు. ఆ చేయి ఎక్కడిదాకా వస్తుందో అంతకన్నా అవతల, ఎడమ తలుపు దగ్గర, వేలు పెట్టి చూపాడు.

"ఆడ పెట్టు. నాకు అందొద్దు."

సక్కుబాయి కొంగు మళ్లీ నోటికి అడ్డం వచ్చింది. ఈసారి నవ్వుకు కాదు.

పని అయ్యేసరికి ఎండ వాలింది. బాలనర్సయ్య హ్యాండిల్ అందుకుని ముందుకు వెళ్లాడు. ఆమె తన సీట్లో కూర్చుని తీగ లాగి పట్టుకుంది. మొదటిసారి తిప్పితే దగ్గింది. రెండోసారి ఇంజను గుర్రుమని లేచింది. ఆ చప్పుడు కుదుటపడే దాకా విని, ఆమె తీగను మెల్లగా, కొంచెం కొంచెంగా లోపలికి నెట్టింది. బాలనర్సయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమయ్యో, మళ్ల పెండ్లాన్నే కట్టుకున్నవా మోటారుకు?" అని అరిచాడు రామచంద్రం, ఉట్టిబండి తోలుకుంటూ. అలవాటు ఎక్కడికి పోతుంది?

"అవునన్నా, నేను లాగకుంటె కదలది" అని ఆమె గొంతెత్తి జవాబిచ్చింది.

బాలనర్సయ్య హారన్ కొట్టాడు. ఎద్దులు పక్కకు జరిగి దారి ఇచ్చాయి.