మూడు చుక్కల నూనె

ఆ ఇంటి వీధి తలుపు కిర్రుమనడం మొదలుపెట్టి మూడేళ్లయింది. బాగుచేస్తానని ఇంటాయన మాటిచ్చి కూడా మూడేళ్లే అయింది. ఇద్దరిలో తలుపే నయం, రోజూ తన పని తాను చేసుకుపోతోంది.

ఇంటాయన ఉద్యోగం చప్పుళ్లు చేయడం. టీవీ సీరియళ్లు తయారుచేసే స్టూడియోలో, మేడ మీద కిటికీలు లేని గదిలో కూర్చుని, తెర మీద మనిషి నడిస్తే అడుగుల చప్పుడు, గ్లాసు పడితే పగిలిన చప్పుడు, అత్తగారు మెడ తిప్పితే ఉరుము చప్పుడు అతికిస్తాడు. చెంపదెబ్బకు తడి తువ్వాలు వాడతాడు, విరిగే ఎముకకు క్యారెట్టు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అందరూ చప్పుళ్లాయన అని పిలిచీ పిలిచీ, అసలు పేరు గేటు దగ్గర సెక్యూరిటీ అతను కూడా మరిచిపోయాడు. చెవులతో బతికే మనిషికి ఇల్లు చేరేసరికి ఆ చెవులే పనిచేయవని భార్య ఫిర్యాదు.

ఆ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. ఆదివారం వస్తే చాలు, అతను ఫోనులో ఇంటి మరమ్మతుల వీడియోలు ముందేసుకుని కూర్చునేవాడు. ఆ వీడియోల్లో ఒక గడ్డపాయన చెమట చుక్క రాలకుండా, నవ్వు చెదరకుండా పది నిమిషాల్లో గోడకు అర బిగించేస్తాడు. చప్పుళ్లాయన బిగించిన అర ఓ పక్కకు ఒరిగింది. దాంట్లో దొర్లని వస్తువులు మాత్రమే పెట్టాలని ఇంట్లో నియమం. అతను బాగుచేసిన స్నానాల గది కుళాయి బకెట్టులోకి తప్ప అన్ని వైపులకూ నీళ్లు కొడుతుంది. కర్టెను కడ్డీ కోసం గోడకు పదకొండు కన్నాలు పెట్టాడు గానీ, కర్టెను ఇప్పటికీ మేకుకు కట్టిన తాడు మీదే వేలాడుతోంది. పన్నెండో కన్నం పడకుండా భార్య డ్రిల్లు మిషను ఎక్కడో దాచేసింది. ఎక్కడ దాచావని అడిగే ధైర్యం అతనికి లేదు.

తలుపు జోలికి పోకపోవడానికి మాత్రం బద్ధకమొక్కటే కారణం కాదు. స్టూడియో వాళ్లు తీసే సీరియళ్లలో బాగా ఆడుతున్నది ఒక దయ్యం కథ. చచ్చిపోయిన పెద్దకోడలు రోజూ సాయంత్రం ఏడున్నరకు తలుపు తీసుకుని అత్తవారింట్లోకి వస్తుంది. ఎనిమిదొందల ఎపిసోడ్లుగా వస్తూనే ఉంది, అత్తగారు ఉలిక్కిపడుతూనే ఉంది. ఆ తలుపుకు మంచి కిర్రు కావాలన్నాడు డైరెక్టరు. స్టూడియోలో దాచి ఉంచిన కిర్రులు తొమ్మిది వినిపిస్తే తొమ్మిదీ పనికిరావన్నాడు. అవన్నీ తలుపులట, ఆయనకు కావలసింది భయమట. విసిగిపోయిన చప్పుళ్లాయన రికార్డరు పట్టుకుని ఇంటికి వచ్చి, తలుపు తాను తీశాడు, భార్య చేత తీయించాడు. ఏదీ కుదరలేదు. చివరికి తండ్రి తీశాడు.

తండ్రి ముప్పై ఒక్కేళ్లు ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు. ఇనుప జాలీ తలుపు చేత్తో లాగి తెరిచే పాతకాలపు లిఫ్టు అది. అన్నేళ్లలో ఒక్కరి వేలు నలగలేదని ఆయన గర్వం. తలుపును తొయ్యకూడదు, తనంతట తాను వచ్చేదాకా మర్యాదగా ఆగాలి అనేవాడు. వీధి తలుపునూ అలాగే తీశాడు. కిర్రు సన్నగా మొదలై, సగంలో ఊపిరి పీల్చుకోవడానికన్నట్టు ఆగి, మళ్లీ సాగింది. అది విన్న డైరెక్టరు మోచేతి మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు చూపించాడు. అప్పటినుంచి ఎన్నో ఇళ్లలో పిల్లలు దుప్పట్లోకి దూరేది ఆ పెద్దాయన చేతి చప్పుడుకే. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఎన్నిసార్లయినా కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. అప్పటికే మతిమరుపు మొదలైంది.

ముందు కళ్లజోడు మరిచాడు, తరవాత వీధి మరిచాడు, ఆ తరవాత ఏ ఏడో కూడా మరిచాడు. డ్యూటీ ఒక్కటే మరవలేదు. ఆ భవనాన్ని పడగొట్టి ఏనాడో అక్కడ ఒక మాల్ కట్టేశారు, తలుపులు వాటంతటవే తెరుచుకునే లిఫ్టులు పెట్టారు. అయినా ఆయన రోజుకు నాలుగైదుసార్లు ఖాకీ చొక్కా తొడుక్కుని బయల్దేరేవాడు. ఒంటరిగా బయటికి పోనివ్వొద్దని, పోతే తిరిగి రావడం ఆయనకు తెలియదని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. నాలుగిళ్లు దాటితే పెద్ద రోడ్డు, దాని మీద ఆగకుండా పోయే లారీలు. ఒకసారి తాళం వేసి చూశారు. డ్యూటీకి ఆలస్యమైపోతోందని ఏడుస్తూ, పిడికిళ్లు నెత్తురోడేదాకా ఆయన తలుపు బాదాడు. మళ్లీ తాళం వేయడానికి ఎవరికీ చేతులు రాలేదు.

ముందుగదిలో మంచం మీద తల్లి ఉండేది. ఆపరేషను వికటించాక ఆమెకు వెలుగూ నీడా తప్ప ఏమీ కనపడదు. సీరియలు కూడా వినడమే. తలుపు కిర్రుమనగానే పడుకున్నచోటునుంచే అడిగేది.

"ఎక్కడికండీ బయల్దేరారు?"

"డ్యూటీకి."

"ఇవాళ సెలవండీ."

"అవునా, నాకెవరూ చెప్పలేదే" అని ఆయన వెనక్కి వచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేవాడు. గంటకో, రెండు గంటలకో మళ్లీ తొడుక్కునేవాడు. ఆయనను కాపాడుతున్నవి ఆ చప్పుడూ ఆ మాటా, అంతే. అది కాపలా అన్న సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. రోజూ జరిగేదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

పట్టించుకున్నది భార్య పనిచేసే కంపెనీ. ఆమె లోపలి గదిలో కూర్చుని, చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని, బట్టలుతికే మిషన్లు కొన్నవాళ్ల ఫిర్యాదులు వింటుంది. మీ ఇంట్లో ఎవరిదో పీక పిసుకుతున్నట్టుందని ఒకావిడ ఫోను పెట్టేసింది. వెనకనుంచి తలుపు చప్పుడు వస్తోందని పైవాళ్లు ఒకసారి హెచ్చరించారు, రెండోసారీ హెచ్చరించారు. మూడోసారి ఉండదన్నారు. ఆ ఉద్యోగం పోతే ఈ వయసులో ఇంకోటి రాదని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు.

"మూడేళ్లనుంచి అడుగుతున్నాను. ఈ ఆదివారం తలుపు సంగతి తేల్చండి. లేదంటే కార్పెంటర్ని పిలుస్తాను" అంది.

కార్పెంటరు మాట వినేసరికి అతనికి తల కొట్టేసినట్టయింది. ఆదివారం తల్లి స్నానానికి వెళ్లినప్పుడు తండ్రి చేత ఆఖరిసారిగా నలభై సార్లు తలుపు తీయించి, ఆ చప్పుళ్లన్నీ రికార్డు చేసుకున్నాడు. సీరియలు ఇంకో ఎనిమిదొందల ఎపిసోడ్లు నడిచినా లోటు ఉండకూడదుగా. తండ్రి నలభై సార్లూ విసుక్కోకుండా తీశాడు. ఆ తరవాత అతను కుట్టుమిషను నూనె తెచ్చి, మూడు బందులకు మూడు చుక్కలు వేశాడు. తలుపు పిల్లి నడిచినంత నిశ్శబ్దంగా కదిలింది. జీవితంలో అతను తలపెట్టిన ఇంటిపనుల్లో సవ్యంగా పూర్తయింది అదొక్కటే. భార్య రెండుసార్లు వచ్చి తీసి చూసి, చాలాకాలం తరవాత నవ్వింది. అడక్కుండానే రెండో కాఫీ ఇచ్చింది. అతను తలుపును వీడియో తీసి స్నేహితులకు పంపించాడు. తల్లికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. సోమవారం వర్షం పడి తండ్రి గడప దాటబోలేదు, వాన హోరులో తలుపు మూగబోయిందని తల్లికి తెలియలేదు.

మంగళవారం పొద్దున పదింటికి భార్య లోపలి గదిలో, మిషను గదంతా తిరుగుతోందని మొత్తుకుంటున్న ఒకాయనను శాంతపరుస్తోంది. తల్లి మంచం మీద మెలకువగా ఉంది. చప్పుళ్లాయన స్టూడియోలో పెద్దకోడలి రాకకు కిర్రు అతికిస్తున్నాడు. సగంలో ఊపిరి పీల్చుకునే చోట ఫోను మోగింది.

పెద్ద రోడ్డు మీద టైర్ల కొట్టాయన కళ్లారా చూశాడు. ఖాకీ చొక్కా పెద్దాయన రోడ్డు నడిమధ్య నిలబడి, వస్తున్న లారీకి అరచెయ్యి చూపించి, "ఆగండి, ఇంకా లెవెలుకి రాలేదు" అన్నాడట. లిఫ్టు అంతస్తుకు సమంగా వచ్చేదాకా జనాన్ని ఆపే పద్ధతి అది. మాట మర్యాదగానే అన్నాడని ఆ కొట్టాయన రెండుసార్లు చెప్పాడు.

పరామర్శకు వచ్చినవాళ్లందరికీ తల్లి ఒకటే చెప్పింది. తనకు కునుకు పట్టి ఉంటుందని, లేకపోతే తలుపు చప్పుడు వినపడకపోవడం ఉండదని. మెలకువగానే ఉన్నట్టు అనిపించింది గానీ ముసలిదాని మాటకేముంది, నిద్రపోయే ఉంటానని చెంపలు వేసుకుంది. వచ్చినవాళ్లు ఓదార్చారు, వయసు అలాంటిదన్నారు. చప్పుళ్లాయన పక్కనే నిలబడి అందరికీ కుర్చీలు వేశాడు, మంచినీళ్లు ఇచ్చాడు, నోరు మాత్రం విప్పలేదు. భార్య ఒక్కసారి అతని వంక చూసి, తరవాత పదకొండు కన్నాల గోడ వంక చూస్తూ ఉండిపోయింది.

మనుషులు రావడం తగ్గాక, అన్నాళ్లూ బార్లా తెరిచి ఉంచిన తలుపు ముందు అతను కూర్చున్నాడు. బందులను కిరసనాయిలుతో కడిగాడు, సబ్బుతో రుద్దాడు, ఉప్పునీళ్లు పోశాడు. తలుపు మూగగానే ఉంది. తలుపు కిర్రుమనాలంటే ఏం చెయ్యాలో ఫోనులో వెతికాడు. గడ్డపాయన దాని మీద వీడియో చెయ్యలేదు. భార్య చీపురుతో వచ్చి, గుమ్మంలో నిలిచిన ఉప్పునీళ్లు తుడిచి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

మూడో వారంలో తల్లి టీవీ పెట్టమంది. ఏడున్నరకు పెద్దకోడలు వచ్చింది. కిర్రు సన్నగా మొదలై, సగంలో ఆగి, మళ్లీ సాగింది.

"ఎక్కడికండీ బయల్దేరారు? ఇవాళ సెలవండీ" అంది తల్లి.

అది టీవీలో చప్పుడని ఆమెకే ముందు తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భార్య వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది.

మర్నాడు చప్పుళ్లాయన తండ్రి కిర్రు తీసేసి, పాత తొమ్మిదింటిలోంచి ఒకటి అతికించాడు. డైరెక్టరు ఊళ్లో లేడు కనక అడిగేవాడు లేకపోయాడు. ఆ ఎపిసోడు వచ్చిన సాయంత్రం తల్లి తల పక్కకు వంచి వింది.

"ఇదెవరో తలుపు తోసేశారు. మీ నాన్న కాదు. ఎందుకు తీసేశావు?"

ఇక దాచడం అతని వల్ల కాలేదు. మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"అమ్మా, ఆ రోజు నువ్వు నిద్రపోలేదు. తలుపుకి నేను నూనె వేశాను. నీకు చెప్పలేదు."

టీవీలో బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. తెల్లటి చొక్కాల్లో ఎవరో కుర్రకారు గంతులేస్తూ పాడారు.

"అయితే నేను మెలకువగానే ఉన్నానన్నమాట."

"ఉన్నావమ్మా."

"ఇన్నాళ్లూ నేను అందరి ముందూ చెంపలేసుకుంటుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావురా?"

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు, అతను ఇచ్చిన మందు అందుకోలేదు, కోడలు ఇస్తే వేసుకుంది. మూడోరోజు అతను చెప్పులేసుకుంటుంటే పిలిచింది. ఆ చప్పుడు అతని దగ్గర ఉందా, చెరిపేశాడా అని అడిగింది. నలభై ఉన్నాయన్నాడు. నలభై అని ఆమె తనలో తాను అనుకుంది.

"పెట్టు. రోజుకొకసారైనా ఆయన్ని నన్ను పిలవనీ" అంది.

ఆ రోజు అతను తండ్రి కిర్రును మళ్లీ అతికించాడు. దాని వెనక మామూలుగా వెంటనే వచ్చే గాలి హోరునీ, అత్తగారి గాజుల చప్పుడునీ కొంచెం ఆలస్యంగా వచ్చేలా జరిపి మధ్యలో మూడు సెకన్లు ఖాళీ వదిలాడు. ఊరినుంచి తిరిగొచ్చిన డైరెక్టరు, ఈ ఖాళీ ఏమిటి, జనం ఛానెలు మార్చేస్తారని చిరాకుపడ్డాడు. ఇరవై రెండేళ్లలో ఎదురుచెప్పని మనిషి, ఉండనివ్వండి అన్నాడు. డైరెక్టరు అతని ముఖం చూసి ఊరుకున్నాడు. రెండోసారి విన్నాక, భయం ఇంకా బాగా పండిందని మెచ్చుకున్నాడు కూడా.

సాయంత్రం ఏడున్నరకు ఇంట్లో ముగ్గురూ టీవీ ముందు ఉన్నారు. తలుపు కిర్రుమంది, సగంలో ఊపిరి పీల్చుకుంది, పూర్తిగా తెరుచుకుంది. తరవాత ఏ చప్పుడూ లేదు.

"ఇవాళ సెలవండీ" అంది తల్లి.

ఆమె మాటకు రెండు సెకన్లు పట్టాయి. మిగిలిన సెకను, నాకెవరూ చెప్పలేదే అనే జవాబు కోసం అతను వదిలింది. అది ఖాళీగా గడిచింది. పెద్దకోడలు లోపలికి వచ్చింది, అత్తగారు మెడ తిప్పింది, ఉరిమింది.