ఎడమ డోరు ఎరుపు

సారయ్య చెప్పే మాటను సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ రెండు చేసి, అందులో చిన్న ముక్కను నమ్మితే చాలునని అమీర్‌పేట వెనక సందులో అందరికీ తెలుసు. ఒకసారి ఆయన ఒక కారుకు కొట్టిన నలుపు ఎంత చిక్కగా కుదిరిందంటే, దాని యజమాని పట్టపగలు ఎదురుగా ఉన్న కారు కనబడక ఆటో ఎక్కి ఇంటికి పోయాడట. ఇంకోసారి స్కూటరుకు వేసిన ఆకుపచ్చ చూసి మేకపోతు ఒకటి మడ్‌గార్డు నాకి, ఆ తర్వాత మూడు రోజులు అసలు గడ్డిని గడ్డిగా ఒప్పుకోలేదట. చెప్పేటప్పుడు మొహంలో నవ్వు పొడసూపదు. విన్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, వాళ్ళకేదో జబ్బు చేసినట్టు జాలిగా చూస్తాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన అబద్ధమాడడు. "నలభై ఏండ్ల సంది రేకు మొహం సూడకుండ రంగు కొట్టలె," అనేవాడు. అది నిజం. ఏ బండిదైనా పాత డోరో బానెట్టో తన షెడ్డులోకి వస్తే, దాని మీది రంగంతా నీళ్ళలో తడిపిన గరుకు వాటర్ పేపరుతో గీకి, అడుగున తెల్లని రేకు తేలేదాకా ఊరుకోడు. రేకు తేలాక చెంబెడు నీళ్ళు చల్లి, తడిలో తన మొహం కనబడుతుందో లేదో వంగి చూస్తాడు. కనబడితే దాన్ని అరచేత్తో తట్టి, "ఇగ నువ్వు ఎవ్వలిదానివి గాదు," అంటాడు. అప్పుడే తొలి పూతగా ప్రైమరు. పాత బండి మీద జరిగిన మంచీ చెడ్డా రంగుతోపాటు రాలిపోవాలని ఆయన పట్టుదల.

ఆ షెడ్డుకు జూన్ నెలలో వంశీకృష్ణ వచ్చాడు. భీమవరం వాడు, మైత్రీవనంలో కంప్యూటరు పాఠాలు చెబుతాడు. వెంట భార్య మంజూష. ఐదో నెల. తెచ్చిన తెల్ల కారుకు ఎడమవైపు ముందు డోరు సిటీ బస్సు రాసుకుని లోపలికి చొట్టపోయింది.

"డోరు మార్చడమే కాదు సారయ్య గారూ," అన్నాడు వంశీకృష్ణ, ఫోనులో బొమ్మ చూపిస్తూ. "ఒక్కో భాగం ఒక్కో రంగు కావాలి. బానెట్ పసుపు, డిక్కీ నీలం, ఒక డోరు ఆకుపచ్చ, ఒకటి నారింజ... ఇదిగో, ఇలా."

సారయ్య ఫోనును దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. "గిది కారా సారూ, బొంతనా?"

మంజూష పకపకా నవ్వింది. "నేనూ అదే అన్నాను బాబాయ్. మా అమ్మమ్మ బొంతకి చక్రాలు పెట్టినట్టుంటుందని."

"పెడదం తియ్ బిడ్డా. నీ నవ్వు సూసి పెడదం."

ఆ రోజు నుంచి ఆ పిల్లకు ఆ షెడ్డు అలవాటైంది. రెండు మూడు రోజులకోసారి వచ్చి స్టూలు మీద కూర్చుని, "ఇవాళ్టి అబద్ధం ఏంటి బాబాయ్?" అని అడిగేది. భార్య పోయి, పిల్లలు లేక, మాటలు తప్ప మరో బలగం లేని సారయ్యకు ఆ ప్రశ్న కోసమే తెల్లవారేది.

డోరు కోసం సనత్‌నగర్ వెళ్ళాడు. అక్కడ కనకయ్యకు పాత బండ్ల సామాను అమ్మే కొట్టు ఉంది. కప్పు లేని దొడ్డి, గుట్టలు గుట్టలుగా డోర్లు. ఎండకు వెలిసి, వానకు తుప్పు పట్టి అన్నీ ఒకే రంగులోకి దిగిపోయాయి. ఆ గుట్ట వెనక, గోడకు మొహం తిప్పి నిలబెట్టిన డోరు ఒకటుంది. సారయ్య దాన్ని ఇటు తిప్పాడు.

ఎరుపు. వెనక వచ్చే బండ్లను చూసే అద్దం కూడా ఊడకుండా ఉంది.

ఆయన జన్మలో కొన్ని వందల ఎరుపులు కలిపాడు. ఇది వాటిలో ఏదీ కాదు. పైకి పొడిగా ఉంది గాని లోపలెక్కడో ఇంకా ఆరనట్టుంది. పక్కవాటిని తినేసిన ఎండ దీని జోలికి రాలేదు. వేలితో రాశాడు. వేలికి ఏమీ అంటలేదు, అయినా వేలు తుడుచుకున్నాడు.

"కనకన్నా, గిదేంది, నిన్న కొట్టినట్టున్నది?"

కనకయ్య దాని వైపు చూడకుండానే, "తీస్కపో," అన్నాడు. "నువ్వైతెనే తీస్కపో. గీకుతవ్ గదా?"

"గీకకుండ ఎప్పుడన్న కొట్టిన్నా?"

తప్పు అక్కడే జరిగింది. షెడ్డులో వాటర్ పేపరు తడిపి, ఆ డోరు ముందు మూడు రోజులు కూర్చున్నాడు సారయ్య. గీకితే ఆ ఎరుపు పోతుంది. పోతే మళ్ళీ తనకు రాదు. డబ్బాలన్నీ ముందేసుకుని కలిపి చూశాడు. ఒకటి ఇటుకలా వచ్చింది, ఒకటి కుంకుమలా వచ్చింది, ఇది మాత్రం రాలేదు. నలభై ఏళ్ళ చేతికి రానిది ఎవడో పేరు తెలియనివాడి చేతికి ఎలా వచ్చిందన్న కడుపుమంట ఒకవైపు, ముచ్చట ఒకవైపు. నాలుగో రోజు వాటర్ పేపరును పక్కన పెట్టి, ఆ ఎరుపు మీద మెరుపు పూత ఒక్కటి కొట్టి ఊరుకున్నాడు. రేకు మొహం చూడలేదు. తట్టలేదు. అనాల్సిన మాట అనలేదు.

కారు తయారయ్యాక సందంతా కదిలి వచ్చింది. పసుపు బానెట్, నీలం డిక్కీ, ఆకుపచ్చా నారింజా డోర్లు. ఎన్ని రంగులున్నా, వచ్చినవాళ్ళు ముందుగా చూసింది ఎడమ డోరునే. "ఈ ఎరుపు ఎలా కలిపారండీ?" అని వంశీకృష్ణ అడిగితే, "ముప్పై మిరపకాయలు, ఒక పొద్దుగూకుడు," అని కోసేశాడు సారయ్య. మంజూష నవ్వుతూ ఆ డోరే తీసి, ఆ పక్క సీట్లోనే కూర్చుంది.

పది రోజులు బాగానే గడిచాయి. పిల్లలు కారు పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారని వంశీకృష్ణ మురిసిపోయాడు. పదకొండో రోజు మంజూష షెడ్డుకు వచ్చి, స్టూలు మీద కూర్చుని, అబద్ధం అడగలేదు.

"బాబాయ్, ఆ డోరు తెరుచుకుంది. బంజారా హిల్స్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళుతుంటే, పంజాగుట్ట మలుపులో. లాక్ వేసే ఉంది. బెల్టు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది."

సారయ్య లాకు విప్పి చూశాడు. కొత్త లాకు, కొత్త స్ప్రింగు, తప్పేమీ లేదు. మెకానిక్కు చూసి భేషుగ్గా ఉందన్నాడు. మరుసటి వారం మళ్ళీ తెరుచుకుంది. అదే మలుపు. ఈసారి బెల్టు కూడా దానంతటదే ఊడింది. వంశీకృష్ణ ఒక చేత్తో భార్య భుజం పట్టి లాగాడు.

సారయ్య ఆ డోరు ముందు గొంతుక్కూర్చుని చూశాడు. ఎరుపు చిక్కబడింది. తను కొట్టిన మెరుపు పూత ఎక్కడా లేదు. తాగేసినట్టుంది.

బస్సు పట్టుకుని సనత్‌నగర్ పోయాడు. కనకయ్య టీ తాగుతున్నాడు.

"గా డోరు ఏ బండిదే?"

"ఎందుకు? గీకినవ్ గదా."

సారయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. కనకయ్య చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు.

"గీకలేదా? సారన్నా, గీకలేదా నువ్వు?"

"చెప్పు ముందు."

"గా మెట్రో కంబాలు లేవక ముందటి ముచ్చట. మొగడు బండి నడుపుతుండు, పెండ్లాం పక్కకు కూసున్నది. పంజాగుట్ట కాడ మలుపుల డోరు తెరుసుకున్నది. ఆమె కింద వడ్డది. ఎన్క బస్సున్నది." కనకయ్య గొంతు తగ్గించాడు. "వట్టి మనిషి సుత కాదు. నిండు నెలలు. ఆ తర్వాత గా డోరు రెండు బండ్లకు వెట్టిండ్రు. రెండు సార్లు తిరిగొచ్చింది. పారేద్దమంటె చెయ్యి రాకపాయె. గీకి మొహం సూసెటోనికే ఇయ్యాలె అని గోడ దిక్కు తిప్పి పెట్టిన. నువ్వు తప్ప గీకెటోడు ఇంకెవడున్నడు ఈ ఊర్ల?"

ఆ సాయంత్రమే సారయ్య వంశీకృష్ణ వాళ్ళ ఇంటికి నడిచి వెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. తను గీకలేదని కూడా చెప్పాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి చెప్పుకున్న తప్పు. చెప్పడం అయ్యాక వంశీకృష్ణ భార్య వైపు చూశాడు. ఆమె పెదవులు బిగబట్టి, ఆగలేక నవ్వేసింది.

"చాలా బాగుంది బాబాయ్. కాని చివర్లో మేక రావాలిగా?"

"ఒట్టు బిడ్డా. అబద్ధం గాదు."

"నల్లకారు గురించి కూడా ఒట్టే వేశారు కదండీ," అన్నాడు వంశీకృష్ణ. "లాకులో ఏదో లోపం ఉండుంటుంది. రేపే కంపెనీ లాకు బిగిస్తున్నారు. డోరు మాత్రం తీయనండి. కారుకి అందమే అది."

సారయ్య మెట్లు దిగుతూ రెయిలింగు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళు నలుగురికీ పంచిన అబద్ధాలన్నీ వరసగా మెట్ల మీద కూర్చుని తనను చూస్తున్నట్టు అనిపించింది. గురువారం పొద్దున్నే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలని మంజూష అంది. దారి అదే. మలుపు అదే.

గురువారం తొమ్మిదిన్నరకు వాళ్ళ గేటు ముందు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డాడు.

"కంట్ల ప్రైమర్ వడ్డది సారూ. బంజారా హిల్స్ల కండ్ల దవాఖానకు రమ్మన్నరు. జర నన్ను సుత తీస్కపోరి. ఎన్క కూసుంటె కక్కొస్తది నాకు. బిడ్డా, జర నువ్వు ఎన్క కూసోవా?"

"అయ్యో, అదెంత పని బాబాయ్!" అని ఆమె వెంటనే వెనక్కి మారింది. నిజం చెబితే నవ్వినవాళ్ళు, అబద్ధం చెబితే చేయి పట్టి ఎక్కించారు.

సారయ్య బెల్టు పెట్టుకుని, వెంట తెచ్చిన నైలాన్ తాడును డోరు పిడికి కట్టి, రెండో కొస చేతికి చుట్టుకున్నాడు. వంశీకృష్ణ చూసి ఏదో అనబోయి, పెద్దాయన చాదస్తం అనుకుని ఊరుకున్నాడు. అమీర్‌పేట దాటేదాకా ఏమీ లేదు. పైన మెట్రో రైలు పోతోంది, పక్కన ఆటోలు కూతలు పెడుతున్నాయి. పంజాగుట్ట దగ్గర పడుతుండగా చప్పుళ్ళు ఒక్కొక్కటే తగ్గాయి. సారయ్య డోరుకున్న అద్దంలోకి చూశాడు.

అద్దంలో రోడ్డుంది. బస్సుంది. మెట్రో కంబాలు లేవు.

తల తిప్పి వెనక్కి చూశాడు. కంబాలు వరసగా ఉన్నాయి. అద్దంలో చూశాడు. లేవు. బోడి రోడ్డు మీద ఆ ఒక్క బస్సు దగ్గరగా వస్తోంది.

"సారూ, బండి ఆపు."

"ఇక్కడెలా ఆపుతానండీ, వెనక..."

లాకు టక్కుమంది. బెల్టు ఊడి ఒళ్ళో పడింది. డోరు గాలికి తెరుచుకున్నట్టు తెరుచుకోలేదు. బయటి నుంచి ఎవరో ఆత్రంగా రెండు చేతులా లాగినట్టు తెరుచుకుంది. తాడు సారయ్య మణికట్టును కోస్తూ బిగిసింది. సగం ఒళ్ళు బయటికి వేలాడింది. కింద తారు పరిగెడుతోంది. వెనక సీట్లోంచి మంజూష ఆయన చొక్కా పట్టుకుని కేక పెట్టింది.

"నాదే తప్పు తల్లీ!" అని అరిచాడు సారయ్య, కారులో ఉన్నవాళ్ళతో కాదు. "నీ మొహం సూడకుండ రంగు కొట్టిన! సూస్త! ఇయ్యాల్నే కూసొని సూస్త! గీ పిల్లను ఇడిసిపెట్టు!"

లాగుడు ఆగింది. డోరు మెల్లగా, అలిగినవాళ్ళు సర్దుకున్నట్టుగా, దానంతటదే మూసుకుంది. వంశీకృష్ణ కారు పక్కకు తీసి, స్టీరింగు మీద తల వాల్చేశాడు. అద్దంలోకి అతనూ చూశాడో లేదో ఎవరూ అడగలేదు. మధ్యాహ్నానికి ఆ డోరు తన చేతులతోనే విప్పి షెడ్డులో దించి, ఖాళీకి టార్పాలిన్ కట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్టోబరులో మంజూషకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. కారుకు ఇప్పుడు ఎడమ డోరు తెల్లగా ఉంటుంది. దాని మీద రంగు వేయించుకునే ఊసు వాళ్ళు ఎత్తలేదు.

సారయ్య మాట ఇచ్చిన రోజునే గీకడం మొదలుపెట్టాడు. ఎరుపు కింద తెలుపు తేలింది. తెలుపు కింద నీలం. నీలం కింద రేకు ఉండాలి. ఎరుపు తేలింది. అదే ఎరుపు. దాని కింద తెలుపు, దాని కింద నీలం, మళ్ళీ ఎరుపు. రేకు గోరంత మందం ఉంటుంది. ఇన్ని పొరలు రాల్చిన పాటికి అవతలి గోడ కనబడాలి. డోరు మాత్రం తెచ్చిన రోజున ఎంత బరువుందో అంతే ఉంది. షెడ్డు నేల మీద ఎర్రటి బురద చీలమండల దాకా వచ్చిందని టీ కొట్టువాళ్ళు అంటారు. ఆయన చేతులు ఏ సబ్బుకూ తెల్లబడటం లేదు.

మంజూష మూడో నెల పిల్లను ఎత్తుకుని వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"బాబాయ్, దీనికొక అబద్ధం చెప్పవా?"

సారయ్య చెయ్యి ఆపలేదు. "అబద్ధాలు అయిపోయినయ్ బిడ్డా."

"రేకు వచ్చిందా?"

"వస్తది. ఇంకో పొర. పిల్లకు ఎండ తగుల్తది, ఇంటికి పో."

రోజూ పొద్దుగూకే ముందు ఆయన పేపరు పక్కన పెట్టి, చెంబెడు నీళ్ళు డోరు మీద చల్లి, వంగి చూస్తాడు. తడి ఎరుపులో మొహం కనబడుతుందట. తనదేనని చెబుతాడు. ఆ మాటలో ఎంత కోసి ఎంత నమ్మాలో చూద్దామని, పక్కన నిలబడి వంగినవాళ్ళు ఆ సందులో ఇంతవరకూ లేరు.