పసుపు పచ్చా, ఆకుపచ్చా

పాడి ఆవులు పెంచే ఆవిడను వీధిలో అందరూ డేగకళ్ళావిడ అనేవారు. ఎండుగడ్డి కట్టను దూరం నుంచి చూసే, లేతగా కోశారో ముదరబెట్టి కోశారో చెప్పేసేది. అలాంటి ఆవిడకు రెండేళ్ళుగా లోకంలో మంచి గడ్డే కరువైపోయింది.

"ఏమయ్యా, గడ్డి తెమ్మంటే చీపుళ్ళు తెచ్చావా?" అంటూ బండి ఆగకముందే గడ్డి వ్యాపారి మీద విరుచుకుపడేది.

"పచ్చగానే ఉంది కదక్కా!"

"పచ్చే, కాదనలేదు. పసుపు పచ్చ! నాకు కావాల్సింది ఆకుపచ్చ."

సగం కట్టలు దింపించుకుని సగం వెనక్కి పంపేది. పాలు మాత్రం చుక్క తగ్గలేదు. అది తన ఆవుల గొప్పేగానీ గడ్డి గొప్ప కాదని ఆవిడ నమ్మకం.

అసలు గుట్టు కోడలు పట్టింది. ఆరేసిన తెల్ల దుప్పటి చూసి అత్తగారు, "దీనికి పసుపెక్కడ అంటిందే?" అని అడిగారు. కోడలు వెంటనే ఆవిడను కంటి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. శుక్లాలు బాగా ముదిరాయనీ, అందుకే అన్నీ పసుపుగా కనిపిస్తున్నాయనీ అన్నాడు డాక్టరు. రెండు కళ్ళకూ ఆపరేషన్ జరిగింది.

కళ్ళు కుదుటపడి, డాక్టరు సరేనన్నాక అత్తాకోడళ్ళిద్దరూ గడ్డి గోదాముకు వెళ్ళారు. ఆవిడ రావడం చూసి వ్యాపారి కట్టల వెనక్కి తప్పుకోబోయాడు. ఆవిడ నల్లకళ్ళద్దాలు తీసి నిలబడిపోయింది.

ఎదురుగా కట్టల గుట్ట. ఎండ తగిలిన పైపొర వెలిసిపోయింది. పైరంగుకు మోసపోయే మనిషి కాదావిడ. ఒక కట్ట తాడు విప్పించి మధ్య నుంచి గుప్పెడు లాగింది. లోపలంతా లేత ఆకుపచ్చ! కాడలు సన్నంగా ఉన్నాయి, ఆకు రాలిపోలేదు, వెతికినా కంకి లేదు. కంకి వేయకముందే కోసి, వాన తగలకుండా ఎండబెట్టిన గడ్డి.

"ఇంత మంచి సరుకు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావయ్యా?"

వ్యాపారి తల గోక్కున్నాడు. "పోయినసారి మీరు తిట్టి పంపించేసిన కట్టలే అక్కా ఇవి."

కోడలు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. ఆవిడ ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వసాగింది.

"పచ్చకామెర్ల సామెత నా కోసమే పుట్టించినట్టున్నారు! ఒరే తమ్ముడూ, ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

"తిట్లదేముందిలే అక్కా, అలవాటైపోయాయి."

"అయితే ఒకటి ఉంచుకో. అదిగో, ఆ మూల కట్ట చూడు. నల్ల మచ్చలు, తెల్లటి దుమ్ము. అది బూజు. నాకే కాదు, ఎవరికీ అమ్మకు."

అతను దగ్గరికెళ్ళి చూసి, చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. "ఇదీ తిట్టంటే! చూసి తిట్టిన తిట్టు!"

బండెడు గడ్డీ ఒక్క కట్టా తిప్పి పంపకుండా ఇంటికి చేరింది. సాయంత్రం ఆవులు తొట్లలో మూతులు పెట్టి కరకరా నములుతుంటే ఆవిడ కొట్టంలో స్టూలు వేసుకుని కూర్చుంది. కోడలు రెండుసార్లు పిలిచినా కదల్లేదు.

"ఏమే, ఈ దూడ నుదుటి మీద గోధుమరంగు మచ్చ ఎప్పుడొచ్చింది?"

"పుట్టినప్పటి నుంచీ ఉందత్తయ్యా."

"ఎంత ముద్దుగా ఉందే!" అంటూ ఆవిడ స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుంది.