పరాయి ఇంటి గడప

ఫోన్ వచ్చినప్పుడు మా అత్త చేతిలో జీడిపప్పు చాట, నా చేతిలో చీపురు ఉన్నాయి. పలాసలో మా చిన్న జీడి ఫ్యాక్టరీకి కొన్న యంత్రం తాలూకు కంపెనీ వాళ్లు లాటరీ తీస్తే, మా కూపన్‌కే బహుమతి తగిలిందట. ముగ్గురికి నాలుగు రోజులు బ్యాంకాక్! మా ఆయన ఈశ్వర్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆ మాట రెండుసార్లు చెప్పించాడు. నేను చీపురుతోనే గెంతాను. పెళ్లయి అప్పటికి నలభై రోజులు.

"మీ ఇద్దరూ ఎల్లండి. నానెందుకు మజ్జిలో?" అంది అత్త.

"కూపన్ నీ పేరు మీద ఉందే అమ్మా. నువ్వు రాకపోతే మమ్మల్ని ఇమానం ఎక్కనీరు."

అది అబద్ధమని అత్తకీ తెలుసు. అయినా ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ చూసుకోమని మావయ్యకి చెప్పి, అటక మీంచి సూట్‌కేసు దింపించింది.

పాస్‌పోర్టులు చేతికొచ్చేసరికి మార్గశిరం వచ్చేసింది. నేను ఎం.ఏ. చరిత్ర చదివాను కాబట్టి అక్కడ గైడ్‌ని నేనే అయ్యాను. మొదటి రోజు రాజభవనం గుమ్మం దగ్గర భుజాలు కనిపిస్తున్నాయని కాపలా అతను నన్ను ఆపేశాడు. అత్త నేత చీర చూసి మాత్రం లోపలికి దారి చూపించాడు.

"సదువుకున్నదాన్ని ఆపీసి నన్ను ఒగ్గీసినాడు, సూడు!" అని నవ్వి, అత్త తన శాలువా నాకు కప్పింది. ఆ శాలువాలోంచి కర్పూరం వాసన వచ్చింది. బంగారు గోపురాల కన్నా నాకు అదే ఎక్కువ నచ్చింది.

రెండో రోజు మ్యూజియం. అత్త రాతి ఏనుగు తొండం నిమరబోయింది. "ముట్టుకోకండత్తా! చేతి చెమటకి రాయి కూడా పాడవుతుంది" అని ఒకటికి రెండుసార్లు కసిరాను. అప్పటినుంచి ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని బడిపిల్లలా నడిచింది. ముప్పై ఏళ్లు జీడిగింజలు కొట్టిన చేతులవి. జీడినూనెకి వేళ్ల చివరలు నల్లబడి, ఇప్పటికీ తెల్లబడలేదు.

మూడో రోజు గురువారం, మా మాటలో లక్ష్మివారం. మా వైపు మార్గశిర లక్ష్మివారం పొద్దున్నే కోడలు గడపకి పసుపు రాయాలి. కొత్త కోడలైతే మరీనూ. హోటల్ గది తలుపు కింద చూస్తే తివాచీ తప్ప ఏమీ లేదు.

"గడప లేని ఇల్లేటమ్మా ఇది? లచ్చిందేవి ఎలగొత్తాది?" అని అత్త బుగ్గన చేయి పెట్టుకుంది. "పోనీలే, వచ్చే వారం మనింటికాడ రాద్దువు."

మధ్యాహ్నం ఈశ్వర్ యంత్రాల ప్రదర్శన చూడ్డానికి వెళ్లాడు. మేమిద్దరం కాలువ ఒడ్డున ఒక పాతకాలపు వ్యాపారి ఇంటికి వెళ్లాం. అంతా టేకే. చెప్పులు బయట విప్పాలి. గుమ్మానికి జానెడు ఎత్తున గడప! దాన్ని తొక్కకుండా దాటండి, ఇంటిని కాచే దేవత అక్కడుంటుంది అని కరపత్రంలో రాసి ఉంది. అత్తకి చదివి చెప్పాను.

"మన లాగే!" అంది. ముట్టుకోకుండానే గడపకి దండం పెట్టి, దాటి, చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి వెళ్లింది.

నేను వెనక ఉండిపోయాను. హ్యాండ్‌బ్యాగులో మా అమ్మ ఇచ్చిన పసుపు కుంకుమల భరిణె ఉంది. సీసాలో నీళ్లున్నాయి. రెండు వేళ్లతో పసుపు రాశాను, మూడు కుంకుమ బొట్లు పెట్టాను, ఆ వేళ్లూ గడపా పడేలా సెల్ఫీ తీసుకున్నాను. భక్తి అని చెప్పుకుంటే బాగుండును. ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫొటో పెడితే అందరూ ఎంత మెచ్చుకుంటారో అనుకున్నాను, అంతే.

అత్త వెనక్కి తిరిగింది. "బిందూ! తప్పమ్మా, ఒకలిల్లది! తుడిసీ!"

చేతిరుమాలుతో తుడిచాను. కుంకుమ పోయింది. పసుపు పాత చెక్క గీతల్లోకి దిగిపోయింది.

ఇంతలో అక్కడ పనిచేసే ఒక తెల్లజుట్టు ఆవిడ వచ్చింది. గడపని చూసింది. అత్త నుదుటి బొట్టునీ, పసుపు పాదాలనీ చూసింది. నన్ను ఇంగ్లీషులో అడిగింది. "మీ అమ్మగారు చేశారా?"

నేను తల ఊపాను.

నోరు విప్పి అబద్ధం కూడా ఆడలేదు. పచ్చటి వేళ్లు చున్నీలో చుట్టుకుని తల ఊపాను. ఆవిడ అత్త చేతులు పరీక్షగా చూసి ఉంటే తెలిసిపోయేది. ఆ వేళ్లు నల్లగా ఉన్నాయి, పచ్చగా లేవు.

అత్తకి ఇంగ్లీషు రాదు. నా తల ఊపుడు మాత్రం అర్థమైంది. ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత ఆవిడకి దండం పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని చీరకొంగుతో గడప తుడవబోయింది. రుద్దితే ఇంకా పాడవుతుందని ఆవిడ ఆపింది. చెక్క పని తెలిసిన మనిషి రావాలట. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. మా వెనక వరసలో నిలబడ్డ బడిపిల్లలు లోపలికి రాకుండానే వెళ్లిపోయారు.

ఆవిడ అరవలేదు. "పెద్దావిడ, తెలియక చేశారు. మీరు చెప్పవలసింది" అంది నాతో.

"ఏటంతంది?" అని అడిగింది అత్త.

"ఏం లేదత్తా."

గేటు దగ్గరికి ఈశ్వర్ వచ్చి, ముఖాలు అలా ఉన్నాయేమిటని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది. "గడపకి పసుపు రాసీసినాన్రా. కేకలేసినారు."

ఈశ్వర్ పడీపడీ నవ్వాడు. హోటల్‌కి చేరేలోపే గ్రూపులో పెట్టేశాడు. అత్త అన్నగారు, పెదమావయ్య జగదీశ్వరరావు గొంతు ఫోన్లోంచి ఖంగుమంది. "ఒలే సత్యవేణీ, బేంకాకుని కూడా పలాస సేసీసినావేటి?" వెనకాల ఎవరెవరో నవ్వుతున్నారు. అత్త కూడా నవ్వింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, వాటి మీద కొంగు కప్పుకుంది.

ఈశ్వర్ భోజనానికి లేవమన్నాడు. "రేపు సాయంత్రం విమానం. పొద్దున్న బజారుకెళ్దాం."

నేను లేవలేదు. గ్రూపు తెరిచి నా సెల్ఫీ పెట్టాను. కింద ఏమీ రాయలేదు. పచ్చటి వేళ్లు నావేనని అందరికీ కనిపిస్తుంది. ఈశ్వర్ ఫోన్ చూసుకుని నవ్వు ఆపేశాడు.

"ఎందుకే ఇదంతా? అయిపోనాది కదా" అంది అత్త మెల్లగా.

"అవలేదత్తా. రేపు తొమ్మిదింటికి ఆ ఇల్లు తెరుస్తారు. బజారు వద్దు, అక్కడికే వెళ్దాం. ఆవిడకి నేనే చేశానని ఇంగ్లీషులో చెప్తాను. నేను ఏం చెప్పానో అక్కడే, ఆవిడ ముందే, మీకు తెలుగులో చెప్తాను."