వానాకాలపు వెదురు

సోమవారం ఉదయం సంగీతం గది తలుపు తీసి, దండేనికి వేలాడుతున్న, ఊపి వాయించే నా అంగ్‌క్లుంగ్‌ను పట్టుకోగానే దాని వెదురు గొట్టం నా చేతిలో అప్పడంలా నలిగిపోయింది.

నేల మీద పసుపుపచ్చటి పొడి. పిండి జల్లించినట్టు ఒక్కో వాయిద్యం కింద ఒక్కో చిన్న కుప్ప. లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. ఏ గొట్టం చూసినా గుండుసూదితో పొడిచినట్టు కన్నాలు. ఒక కన్నంలోంచి నల్లటి పురుగు తల బయటపెట్టి, మళ్లీ తన పని చూసుకోవడానికి లోపలికి పోయింది.

మా దేశ స్వాతంత్ర్య దినం, ఆగస్టు పదిహేడు, ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఆ రోజు జెండా కింద మేం వాయించాలి. అంగ్‌క్లుంగ్‌లో ఒక్కొక్కరి చేతికీ ఒక్కటే స్వరం. ఒక్కరు బడికి రాకపోతే పాటలో అక్కడో ఖాళీ మిగులుతుంది. ఇప్పుడు మిగిలింది ఖాళీయే.

"ఏంటే ఇమాస్, దయ్యాన్ని చూసినట్టు నిలబడిపోయావ్?" అంటూ నా పక్కన మంద్రస్వరం వాయించే డెడెన్ తొంగిచూశాడు. "అబ్బో! జెండా పండగ మనకంటే ముందు పురుగులు చేసుకున్నాయే!"



పావుగంటలో హెడ్మాస్టర్ కొస్వరా వచ్చాడు. ఆయన వెనకే అబా దర్సా. మా చిపారి ఊరు మొత్తానికి ఆయన 'అబా', అంటే తాత. ముప్ఫై ఏళ్లుగా మా బడిలో సంగీతం చెప్పేది ఆయనే. ఈ ముప్ఫై ఒక్క వాయిద్యాలూ ఈ ఏడాది తన చేత్తో చేసిందీ ఆయనే. వంగి చిటికెడు పొడి తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు.

"వానల్లో నరికారు కదూ?" అన్నాడు హెడ్మాస్టర్. "పచ్చి వెదురు! కోళ్లగూటికి కూడా ఎవడూ వానల్లో నరకడు అబా. మీకు నేను చెప్పాలా?"

అబా ఆయన నోటివైపే చూస్తూ నిలబడ్డాడు.

"శుక్రవారం తల్లిదండ్రులు కూర్చుంటారు. నిజమని తేలితే ఆ రోజుతో మీకు సెలవు. సంగీతం క్లాసుకీ సెలవే. ఇంకెవరున్నారు చెప్పడానికి?"

"అబద్ధం సార్!" నా నోరు నాకంటే ముందే లేచింది. "అబా అలా చేయరు. నా దగ్గర రాసుంది."

నిజంగానే రాసుంది. మా సుండా భాష చెప్పే తీతిన్ టీచర్, ఊళ్లో ఒక పెద్దమనిషి పనితనాన్ని ఆయన మాటల్లోనే రాసుకు రమ్మంది. నేను అబా ఇంటి వంటగదిలో పీట వేసుకుని తొమ్మిది పేజీలు రాశాను. వానలు వెనకబట్టి రెండు నెలలు దాటాకే కత్తి పట్టాలి. నరికిన గడను ఆకులతో సహా పొదలోనే వారం రోజులు నిలబెట్టాలి. తన రసం తానే తాగేస్తుంది. ఆ తర్వాత ఏడాదిపాటు పొయ్యిపైన పొగలో వేలాడదీయాలి. 'వెదురులో తీపి ఉన్నన్నాళ్లూ పురుగు దాని వాసన వదలదు నెంగ్' అన్నాడాయన. నెంగ్ అంటే చిట్టితల్లీ అన్నట్టు. తీతిన్ టీచర్ ఆ తొమ్మిది పేజీలూ నాచేత క్లాసులో చదివించింది.

"నోటుపుస్తకం చూపిస్తే పురుగు సిగ్గుపడి వెనక్కి పోతుందా?" అన్నాడు హెడ్మాస్టర్.

"అయితే పరీక్ష పెడదాం సార్." నేను అలికిడికి గుమ్మంలోకొచ్చిన, మాకు సైన్సు చెప్పే యంతి టీచర్‌ వైపు తిరిగాను. పోయిన ఏడు ఆమె అన్నం మీద, కర్రపెండలం ముక్క మీద, దోసకాయ ముక్క మీద అయొడిన్ చుక్కలు వేసి చూపించింది. పిండిపదార్థం ఉన్నచోట నల్లగా, నీలంగా మారింది. లేనిచోట గోధుమరంగు అలాగే ఉండిపోయింది. "అబా చెప్పే తీపి అదే కదా టీచర్? పద్ధతిగా నరికిన వెదురులో అది ఉండదు. రంగు మారదు. శుక్రవారం అందరి ముందూ నేనే వేసి చూపిస్తాను."

యంతి టీచర్ నేల మీది పొడి వైపు చూసింది. "వెయ్యొచ్చు. కానీ ఎటొచ్చినా ఒప్పుకోవాలి ఇమాస్. నచ్చితేనే ఒప్పుకుంటానంటే కుదరదు."

"ఒప్పుకుంటాను."

అబా నా ముఖం చూసి నవ్వాడు. అది అనుమతి అనుకున్నాను.

అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆ వాయిద్యాల శ్రుతి చూసింది నేను. ఫిబ్రవరిలో రోజూ సాయంత్రం అబా నన్ను ఇంటికి పిలిచేవాడు. గొట్టం తట్టి, దాని మీద వేలు ఆనించి, "ఎక్కువా తక్కువా, నెంగ్?" అనేవాడు. నేను చెప్పేదాన్ని. ఆయన కత్తితో చెక్కేవాడు. ఒక్కసారి కూడా నన్ను సరిదిద్దలేదు. ముప్ఫై ఒక్క వాయిద్యాలు, ముప్ఫై ఒక్క పరీక్షలు, అన్నీ నెగ్గాను. "నీకు చెవి ఉంది" అన్నాడు చివరి రోజు.

ఆ నెలలోనే భాష క్లాసులో పుపుహ్ పద్యం రాగం తీసి పాడాను. అబా గుమ్మంలో నిలబడి చూశాడు. అందరి తర్వాత చప్పట్లు కొట్టి, "ఒక్క స్వరం కూడా జారలేదు" అన్నాడు. మా అమ్మ బడి గేటు దగ్గర బాలా-బాలా, అంటే కూరగాయల బజ్జీలు, వేయించి అమ్ముతుంది. ఆ రోజు నూనె మూకుడు పక్కన నిలబడి ఆ మాట ఆమెకు నాలుగుసార్లు చెప్పాను. "విన్నానే, మాడిపోతున్నాయి తప్పుకో" అంది. మా ఇంట్లో మెచ్చుకోవడం అంటే అంతే. అందుకే అబా మాట నాకంత విలువైంది.

ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. జూన్ నుంచి స్వరాలు జారుతున్నట్టు అనిపించేది. నా అంగ్‌క్లుంగ్ కూడా. ఊపగానే ఏదో గీసుకుపోయినట్టుండేది. అబా వైపు చూసేదాన్ని. ఆయన క్లాసులో మాట్లాడేవాడు కాదు. అంతా చేతి సైగలే. పిడికిలి ఒక స్వరం, అరచేయి ఇంకో స్వరం. ఎవరి వెదురు ఊగిందో కళ్లతోనే పట్టేసేవాడు. నా స్వరం రాగానే ప్రశాంతంగా తల ఊపేవాడు. అంటే చెడిపోతున్నది నా చెవే. ఉన్న ఒక్కటీ పోతోందని ఎవరితో చెప్పుకోను? నోరు మూసుకున్నాను.

శుక్రవారం. చాపల మీద తల్లిదండ్రులు. గడప బయట చెప్పుల గుట్ట. చేదు టీ, మా అమ్మ వేయించిన బాలా-బాలా. బల్ల మీద అయొడిన్ సీసా, కత్తి, అబా వాళ్ల నాన్న చేసిన పాత అంగ్‌క్లుంగ్ ఒకటి.

ముందు పాతదాని అడుగు కొంచెం చెక్కి చుక్క వేశాను. గోధుమరంగు. మారలేదు. "చూశారా?" అన్నాను గర్వంగా.

తర్వాత నాది తీసుకున్నాను. చెక్కాను. చుక్క వేశాను.

ఒకటి, రెండు, మూడు.

చుక్క అంచు నీలమైంది. మధ్యకు పాకింది. సిరా ఒలికినట్టు నల్లబడింది.

రెండోది. నలుపు. మూడోది. నలుపు. డెడెన్ ఒక్కొక్కటే అందిస్తున్నాడు. "సీసా పాడైందేమోనే, ఇంకోటి చెయ్యి" అన్నాడు, గొంతులో వేళాకోళం లేకుండా. సీసా పాడవలేదు. పాత వెదురు మీద చుక్క పక్కనే ఇంకా గోధుమరంగులో మెరుస్తోంది. ఎనిమిదో దానికి చుక్క గురితప్పి నా పావడా మీద పడింది. యంతి టీచర్ వచ్చి సీసా తీసుకుంది.

"చాలమ్మా."

హెడ్మాస్టర్ కూడా సంతోషించలేదు. కాగితం తీసి, అబా ముందు పెట్టి, సంతకం చోటు వేలితో చూపించాడు. అబా పెట్టాడు. తల్లిదండ్రులు చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. మా అమ్మ ఖాళీ పళ్లెం తీసుకుని నా వైపు చూడకుండా వెళ్లింది.

"ఎవరడిగారే నిన్ను?" వరండాలో డెడెన్ నా మీదికొచ్చాడు. "అనుమానంతో పోయేది కదా! రుజువు చేసి మరీ పంపించావ్."

నేను అతన్ని తప్పించుకుని వెళ్లిపోయాను.

సంగీతం గదిలో అబా ఒక్కడే ఉన్నాడు. నాకు వీపు పెట్టి, దండెం మీది వాయిద్యాలు తీసి గోనెసంచిలో వేస్తున్నాడు.

"అబా" అన్నాను.

తిరగలేదు. కోపమనుకున్నాను.

"అబా, నన్ను తిట్టండి."

ఇంకోటి తీశాడు. సంచిలో వేశాడు.

"అబా!" అరిచాను. పైకప్పు మీది పావురాళ్లు లేచిపోయాయి. పక్క గదిలో ఎవరో కిటికీ తెరిచారు. ఆయన భుజం కూడా కదల్లేదు. నేను ఒక అడుగు ముందుకు వేశాను. నా నీడ ఆయన ముందున్న గోడ మీద పడింది. అప్పుడు ఉలిక్కిపడి తిరిగాడు. తిరగగానే ఆయన చూపు నా పెదవుల మీద ఆగింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను, నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి.

ఆయన గోనెసంచి మీద కూర్చున్నాడు. లోపల వెదుళ్లు పటపటమని విరిగాయి. అదీ ఆయనకు వినపడలేదు.

"రెండేళ్లు దాటింది, నెంగ్. ముందు పిట్టల కూతలు పోయాయి. తర్వాత సన్న గొట్టాలు. మసీదు పిలుపు వినపడక, మా ఆవిడ భుజం తడితే లేచేవాణ్ణి. నీకు రాయించింది అబద్ధం కాదు. ఏడాది పొగలో ఆరిన మంచి వెదురు నా దగ్గర ఉండేది. డిసెంబరులో దాన్ని నేనొక్కణ్ణే శ్రుతి చేశాను. ఇన్నేళ్లు చేసిన చేతులు కదా, వేళ్లకే తెలుస్తుందనుకున్నాను. అంతా అయ్యాక మా మనవరాలికిచ్చి ఊపమన్నాను. అది చెవులు మూసుకుంది. చెక్కేసింది మళ్లీ అతకదు. ముప్ఫై ఒకటీ పొయ్యిలో పెట్టాను. చెవిటివాణ్ణని చెప్తే ఆ రోజే ఇంటికి పంపేవాళ్లు. అందుకని జనవరి వానలో పొదలోకి వెళ్లి నరికాను. మూడు వారాలు మంట మీద ఆరబెట్టి నిన్ను పిలిచాను. పాఠం చెప్తున్నాననుకున్నావు నువ్వు. నేను నీ చెవి వాడుకున్నాను. జూన్‌లో నువ్వు నీ వాయిద్యం వైపు అనుమానంగా చూడటం చూశాను. పచ్చి వెదురు ఆరేకొద్దీ శ్రుతి తప్పుతుందని నాకు తెలుసు. తెలిసీ తల ఊపాను. తప్పు నీదే అనుకోనిచ్చాను. నువ్వు పరీక్ష పెడతానన్నప్పుడు నీ మాట సగమే అర్థమైంది. మిగతా సగం తెలిశాక ఆపబుద్ధి కాలేదు. ఇంకొకటుంది. నువ్వు పుపుహ్ పాడిన రోజు గుమ్మంలో నిలబడి నీ నోరు కదలడం చూశాను. పిల్లలు చప్పట్లు కొడుతుంటే అయిపోయిందని తెలిసి నేనూ కొట్టాను. ఒక్క స్వరం కూడా జారలేదన్నాను. నాకేమీ వినపడలేదు, నెంగ్. నువ్వు బాగా పాడావో లేదో నాకు తెలియదు."