చేతులు లేని ఆమె

బాన్సువాడలో వడ్రంగం చేసే వడ్ల ముత్తెన్న చెక్కిన అమ్మవారి బొమ్మలంటే అటు బిచ్కుంద దాకా పేరు. ముత్తెన్నకు మాత్రం తన పని తనకెప్పుడూ నచ్చేది కాదు. కళ్లు మూసుకుంటే కనబడే అమ్మ ఒకతి, కట్టెలోంచి బయటికొచ్చే అమ్మ ఇంకొకతి. ప్రతిసారీ ఏదో తగ్గేది. ఆ తగ్గింది ఎటుపోయిందోనని రాలిన పొట్టునే చూస్తూ కూర్చునేవాడు.

నిజాంసాగర్ కాలువ నీళ్లు పారిన కొత్తల్లో, కోస్తా నుంచి వచ్చి వర్ని దగ్గర పొలాలు చేసుకుంటున్న బసవయ్య బండి మీద ఎండిన వేపమొద్దు తెచ్చి దింపాడు.

"కొత్తగా ఊరు కట్టుకున్నాం ముత్తెన్నా. ఊరన్నాక అమ్మవారు ఉండాలిగా. నువ్వే చెక్కాలి."

"అమ్మ ఎట్లుండాలె?"

"అదంతా నాకేం తెలుసు? చూడగానే మా ఆడవాళ్లకి మన తల్లే అనిపించాలి, అంతే."

రెండు మూడు రోజులు ముత్తెన్న మొద్దు చుట్టూ తిరిగాడు. ఓ మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద ఒరిగితే, రెప్పల వెనక ఆ ముఖం వచ్చి నిలబడింది. ముసలిది కాదు, పడుచుది కాదు. ఎవరి కోసమో చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్నట్టుంది. అంత నిండుగా ఏ ముఖమూ ఆయనకు ఎన్నడూ కనబడలేదు.

లేచి ఉలి పట్టి మొదటి దెబ్బ వేశాడు. లోపల ఆ ముఖం చటుక్కున పక్కకు తిరిగింది, చెంపదెబ్బ తిన్న మనిషి లాగా.

ముత్తెన్న ఉలి కింద పెట్టేశాడు.

ఆ రోజు నుంచి పనిముట్టు ముట్టలేదు. పొద్దున్నే స్నానం చేసి మొద్దు ముందర కూర్చుని కళ్లు మూసుకునేవాడు.

"ఏందయ్యా ఇది? ఎప్పుడు చెక్కుతవ్?" అని అడిగింది భార్య గంగవ్వ.

"అయిపోయింది."

"ఏడ అయింది? మొద్దు మొద్దు లెక్కనే ఉన్నది."

"నా లోపట అయింది. కట్టెల దింపితే పాడైతది గంగవ్వా. నా మాట ఇను, దీన్ని ముట్టొద్దు."

గంగవ్వ చాట తీసుకుని లోపలికి పోయింది.

ఆ వారంలోనే ఎదురింటి పోసవ్వ మంచం కోడు విరిగిందని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత గంగవ్వను పక్కకు పిలిచింది.

"మీ ఇంటికి సుట్టాలొచ్చిన్రా? నీ మొగని ఎనక ఎవరో ఆడామె నిలబడ్డది గదనే. పలకరిస్తే పలకదు."

గంగవ్వ పరుగున వచ్చి చూసింది. ముత్తెన్న ఒక్కడే ఉన్నాడు, కళ్లు మూసుకుని, పెదాల మీద చిన్న నవ్వుతో. ఆ మాట చెప్తే ఆయన భయపడలేదు. "నేను చెప్పలే? అయిపోయింది," అన్నాడు, సంతోషంగా.

నెల తిరిగేసరికి బసవయ్య మళ్లీ వచ్చాడు. ఈసారి భార్య రాజ్యం కూడా బండి దిగింది. ఆమె ముఖంలో నెత్తురు లేదు. తాకని మొద్దును చూసి బసవయ్య కోప్పడబోతే ఆపింది.

"ముత్తెన్నగారూ, మీరు అనుకున్న అమ్మవారికి ఎడమ కనుబొమ్మ కాస్త పైకి ఉంటుందా?"

ముత్తెన్న ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"అలాంటి ముఖంతో ఎవరో ఆవిడ మిట్టమధ్యాహ్నం వస్తోందండీ. ఇంటింటికీ వచ్చి దాహం అంటోంది. చెంబు ఇస్తే అందుకోదు. చేతులు కొంగులో దాచుకుని నీళ్లవంక చూస్తూ నిలబడి, వెళ్లిపోతుంది. మొన్న మా అమ్మాయి లక్ష్మీకుమారి, చిన్నపిల్ల కదా, చెయ్యి పట్టుకుందామని కొంగు లాగింది." రాజ్యం తన కొంగు వైపు చూసుకుంది. "కొంగు కింద ఏమీ లేదండీ. చేతులే లేవు."

ముత్తెన్న గోడకు ఆనుకున్నాడు. నిజమే. ముఖం చూసిన మురిపెంలో చేతుల సంగతే ఆయన తలవలేదు.

వాళ్లు వెళ్లాక కళ్లు మూసుకుని ఆమెకు చేతులు తలుచుకోబోయాడు. రాలేదు. వేళ్లు ఎక్కడ మొదలై ఎటు వంగుతాయో ఎంత ఆలోచించినా పొగలా విడిపోయాయి. ముఖం మాత్రం ఆయన వైపే తిరిగి ఉంది. మొదటిసారి పెదాలు కదిలాయి. దాహం.

ముత్తెన్న దిగ్గున లేచాడు. ఇన్నాళ్లూ తాను దాచుకున్నానని మురిసిపోతే, అక్కడ ఆమె గుక్కెడు నీళ్లకు ఇల్లిల్లూ తిరుగుతోంది.

బాడిశ అందుకున్నాడు.

చేతులతోనే మొదలుపెట్టాడు. ఏం ఆలోచించలేదు. పెరట్లో గంగవ్వ విసురుతున్న తిరగలి చప్పుడు వింటూ దెబ్బ వెంట దెబ్బ వేశాడు. తలపులో రాని వేళ్లు కట్టెలోంచి వాటంతట అవే వచ్చాయి, అరచెయ్యి కొద్దిగా గుంటపడి, నీళ్లు పట్టేటట్టుగా. కానీ ఒక్కో పెచ్చు రాలినకొద్దీ లోపలి ముఖం మాసిపోతూ వచ్చింది. ముఖం చెక్కే రోజు ఆయన ఏడ్చాడు. చెంప దగ్గర మొద్దులో గట్టి ముడి తగిలి ఉలి జారింది. అక్కడ సొట్ట పడింది. సరిచేద్దామని కళ్లు మూసుకుంటే లోపల చీకటి తప్ప ఏమీ లేదు.

గంగవ్వ వచ్చి చూసింది. "గీ సొట్ట ఉండనియ్యి. ఎంతో అనుభవించిన తల్లి లెక్క కనబడ్తున్నది," అన్నది.

అమ్మను వర్ని దగ్గరి కొత్త ఊళ్లో నిలబెట్టారు. రాజ్యం తొలి బిందె నీళ్లు ఆ అరచేతుల్లో పోసింది. చుక్క కూడా కింద పడకపోవడం అందరూ చూశారు. కట్టె పీల్చుకుందిలే అన్నాడు బసవయ్య. ఆ తర్వాత ఆ ఊళ్లో మధ్యాహ్నం పూట ఎవరూ తలుపు తట్టలేదు.

ముత్తెన్నకు మాత్రం లోపలి కన్ను పోయింది. బొమ్మలు చెక్కుతూనే ఉన్నాడు, చేతులు తమ పని తాము చేసుకుపోయేవి. ఇంతకుముందుకన్నా బాగున్నాయని జనం అనేవాళ్లు. కానీ మనిషి ఎదుట లేకపోతే ఆ మనిషి ముఖం ఆయనకు గుర్తొచ్చేది కాదు.

ఏళ్లు గడిచాయి. పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో గంగవ్వ కూతురి కాన్పుకని మద్నూర్ పోయింది. మొదట్లో ముత్తెన్నకు ఏమీ అనిపించలేదు. ఒక పొద్దున పొయ్యి అంటిస్తూ భార్యను తలుచుకోబోతే గొంతు గుర్తొచ్చింది, నడక గుర్తొచ్చింది, ముఖం రాలేదు. ఎంత వెతికినా రాలేదు. అంత భయం ఆయనకు ఎప్పుడూ పుట్టలేదు. చేతికందిన టేకు ముక్క తీసుకుని, ఏం చెక్కుతున్నాడో తెలియకుండానే చెక్కుతూ కూర్చున్నాడు.

పొద్దెక్కాక పోసవ్వ నిప్పు కోసం వచ్చింది. ముత్తెన్న ఆ ముక్క ఆమె చేతికిచ్చాడు.

"అవ్వా, గిదెవ్వలే?"

పోసవ్వ ముక్కను ఎండకు తిప్పి చూసి, తర్వాత ఆయన్ను వింతగా చూసింది.

"నీ పెండ్లాం మొఖం నీకు ఎరుక లేదా కొడుకా?"

ముత్తెన్న ఆ ముక్కను కండువాలో చుట్టుకున్నాడు. తలుపు దగ్గరికేసి, అన్నం కూడా తినకుండా మద్నూర్ బాట పట్టాడు.