విటమిన్ అని ఇచ్చిన మాత్ర

కారు ప్రమాదం తర్వాత శారద చాలాకాలం వెంటిలేటర్ మీద ఉంది. ప్రాణం దక్కింది గాని, గొంతులోని గొట్టం ఒరుసుకున్న చోట శ్వాసనాళం సన్నబడిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఊపిరి ఈల వేసినట్టు వచ్చేది. 1982 వేసవిలో, ఆ ఇరుకు భాగాన్ని కోసి తీసేసి రెండు కొసల్నీ కలిపి కుట్టాలని నిర్ణయించారు. ఆ సర్జరీ చేసేది రవికుమార్. అమెరికాలోని క్యారీ ఊరికి వచ్చిన కొత్తలో అతను శారద ఇంట్లోనే ఉండి, ఆమె చేతివంట తిన్నవాడు.

శారదకు కీళ్లవాతం. ఏళ్ల తరబడి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడుతోంది.

"వదినా, ఈ మందు వాపును తగ్గిస్తుంది. దాంతోపాటు గాయం మాననివ్వదు," అన్నాడు రవికుమార్. "మెల్లగా తగ్గించి, పూర్తిగా ఆపాకే సర్జరీ చేస్తాను. కుట్లు గట్టిపడేదాకా మళ్లీ ముట్టుకోవద్దు."

"మరి నొప్పులొస్తే?" అని అడిగాడు ఆమె భర్త ఆదిశేషు.

"వేరే పెయిన్ కిల్లర్స్ ఇద్దాం అన్నా. కొంచెం ఓర్చుకోవాలి."

ఆదిశేషు కూడా అదే హాస్పిటల్లో ఫిజీషియన్. తనకు తెలియనిదా అన్నట్టు తలూపాడు.

సర్జరీ బాగా జరిగింది. తల వెనక్కి వాల్చితే లోపలి కుట్లు లాగుతాయని, శారద గడ్డాన్ని ఛాతీకి కలిపి ఒక కుట్టు వేశారు. ఆ తర్వాత కీళ్లు పగబట్టినట్టు తిరగబడ్డాయి. వేళ్లు వాచి స్పూన్ పట్టుకోలేకపోయింది. నర్సు తినిపిస్తుంటే, పైకెత్తలేని ఆ ముఖం మీంచి కన్నీళ్లు జారి ప్లేట్లో పడ్డాయి. ఆదిశేషు చూడలేకపోయాడు. ఆ మందు ఎంతమందికి రాయలేదు తను? కొద్దిపాటి డోసు, కొద్దిరోజులు. ఏమవుతుంది?

మర్నాడు జేబులోంచి మాత్ర తీసి ఆమె నోటికి అందించాడు.

"విటమిన్. వేసుకో."

ఆమె ఏమీ అడగలేదు. రోజూ వేసుకుంది. త్వరలోనే స్పూన్ తనే పట్టుకుంది. నర్సులు మెచ్చుకున్నారు. రవికుమార్ ముఖం వెలిగిపోయింది. అది చూసి ఆదిశేషు కూడా నవ్వాడు.

ఒక ఉదయం ఆమెకు దగ్గు తెర వచ్చింది. చూస్తుండగానే మెడ ఉబ్బింది. వేలితో నొక్కితే చర్మం కింద గాలి చిటపటలాడింది. హడావిడిగా థియేటర్‌కి తీసుకెళ్లారు. శ్వాసనాళం మీది కుట్లు ముందువైపు విడిపోయి ఉన్నాయి. రవికుమార్ ఆ కుట్లకు కింద, మెడ దగ్గర రంధ్రం చేసి ట్యూబ్ పెట్టి ఊపిరి నిలబెట్టాడు. దాంతో ఆమె మాట పోయింది.

తర్వాతి రౌండ్స్‌లో, జూనియర్లందరి ముందూ, సర్జరీ చీఫ్ రవికుమార్‌ని నిలదీశాడు. మరీ బిగుతుగా లాగి కుట్టావా అని అడిగాడు.

"అయి ఉండొచ్చు సర్. తప్పు నాదే," అన్నాడు రవికుమార్.

ఆదిశేషు కిటికీ పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు తెరవలేదు. మందు వల్లే అయిందని రుజువేమిటి అని తనలో తను వాదించుకున్నాడు. ఆ వాదన అతనికే రోత పుట్టించింది.

అందరూ వెళ్లాక శారద చెయ్యెత్తి, పిడికిలి బిగించి, మెల్లగా విప్పింది. మళ్లీ బిగించి, విప్పింది. వేళ్లలో నొప్పి లేదు. ఆ మందు వేసుకుంటే తన చేతులెలా ఉంటాయో ఆమెకు ఏళ్లుగా తెలుసు. అతని జేబు వైపు చూసింది. తర్వాత అతని కళ్లలోకి చూసింది.

అతను తల దించుకున్నాడు.

రవికుమార్ తన గదిలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆదిశేషు నిలబడే చెప్పాడు.

"ప్రెడ్నిసోన్ ఇచ్చాను. విటమినని చెప్పి ఇచ్చాను."

రవికుమార్ ఆమె కేస్ షీట్ దగ్గరకు లాక్కున్నాడు.

"డోసెంత? ఎప్పట్నుంచి?"

చెప్పాడు.

"ఇన్నేళ్లు వాడిన మనిషి. ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, తగ్గిస్తూ రావాలి. గాయం మానడానికి విటమిన్ ఏ మొదలుపెడతాను." లేచి తలుపు దాకా వెళ్లి ఆగాడు. "పొద్దున రౌండ్స్‌లో మీరక్కడే ఉన్నారు కదా."

"ఉన్నాను."

రవికుమార్ వార్డుకి వెళ్లిపోయాడు. ఆదిశేషు తిన్నగా చీఫ్ గదికి వెళ్లి జరిగింది చెప్పాడు. జూనియర్లను కూడా పిలిపించమని కోరాడు. వాళ్లు వచ్చాక మరోసారి, మొదట్నుంచీ చెప్పాడు. తన దగ్గర పాఠాలు నేర్చుకున్న కుర్ర డాక్టర్లు అతని వైపు చూడలేక గోడలు చూశారు.

శారద నెలల తరబడి ట్యూబ్‌తోనే గడిపింది. గాయం పూర్తిగా మానాక, మరుసటి ఏడాది, రవికుమారే మళ్లీ ఆపరేషన్ చేశాడు. ఈసారి కుట్లు నిలిచాయి. గొంతు మాత్రం బొంగురుపోయింది.

ట్యూబ్ తీసేసి ఇంటికి వస్తున్నప్పుడు కార్‌లో ఆమె మెల్లగా, ఆగి ఆగి మాట్లాడింది.

"నన్ను అడగాల్సింది మీరు. నొప్పి ఓర్చుకుంటాననే చెప్పేదాన్ని."

"నీ ఏడుపు చూడలేకపోయాను శారదా."

"ఓర్చుకోలేనిది మీరన్నమాట," అందామె.

అతను కారు నడుపుతూనే ఉన్నాడు.